విన్నవారు

మన్ననూరు దాటినంక, ఫరహాబాద్ గేటుకు ఇవతల
ఎండిన వాగు ఒడ్డున, నేరేడు కింద
మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూస్తున్న.

బొటనవేలంత పిట్ట.
కిందంతా మాసిన తెలుపు, పైనంతా పాకురు రంగు,
కంటి మీద సున్నపు గీత ఒకటి.
ఆకు కదిలిందనుకుంటే అది,
అది అనుకుంటే ఆకు.
దుర్భిణి తిప్పేసరికి కొమ్మే మిగులుతది,
కొమ్మకు ఇంకా ఆగని ఊపు.

పుస్తకం చెప్తది:
ఇట్లాంటివి రెండున్నయి, అక్కాచెల్లెండ్ల తీరు,
రెక్క మీది గీతలు చూసి పోల్చుకొమ్మని.
అడుగున చిన్నక్షరాల్లో,
చలి పోయేసరికి ఆ గీత అరిగిపోవచ్చునని.
ఇది ఫాల్గుణం.
ఇంకా అడుగున: అప్పుడు గొంతే గుర్తు.
ఒకటి రెండు ముక్కల్లో పలుకుతది,
ఇంకోటి మూడు ముక్కల్లో.

ఇక్కడ నా బతుకు అడ్డం పడ్డది.

ఇరవై రెండేండ్లు బోరుబండి మీద పనిచేసినోణ్ణి.
చండూరు, మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి,
ఎన్ని చెలకల్ల ఎన్ని బోర్లు దించిన్నో
రాసిపెట్టుకున్న నోటుబుక్కు వానకు నానిపోయింది.
రాయి మారితే సుత్తి చప్పుడు మారేది.
నల్లరాయికి ఒక మోత,
పగులు తగిలితే బోలు దగ్గు,
నీళ్లకు ముందు చిన్న తడబాటు.
రైతు దుమ్ము రంగు చూసేలోపే చెప్పేవాణ్ణి,
ఇంకో రెండు రాడ్లు దించుమని.
కొన్నిసార్లు నిజమయ్యేది.
కానప్పుడు ఆ మనిషి ముఖం చూడకుండ
కంప్రెసర్ దిక్కు తిరిగి నిలబడేవాణ్ణి.
ఆ కంప్రెసరే ఇయ్యాల అప్పు వసూలు చేసుకున్నది.

పోయినవి పెద్ద చప్పుళ్లు కాదు.
బస్సు వినిపిస్తది, పెండ్లి బ్యాండు వినిపిస్తది.
సన్నటివి పోయినయి.
మనవరాలి పట్టీలు, పాలు పొంగేముందు గిన్నె చేసే సొద,
ఇగో, ఈ పిట్టలన్నీ.

నాతోని లెక్కకు వచ్చిన వాచర్ చిగుర్ల ఈదమ్మ
దుర్భిణి అడగలేదు. చెట్టు దిక్కు చూడనే లేదు.
రాయి మీద కూసోని కాలిముల్లు తీసుకుంటున్నది.
"సప్పుడు చేస్తున్నదా?" అన్న.
"నువ్వు జీపు దిగిన కాన్నుంచి చేస్తనే ఉన్నది గద."

నా చెవి చూపిన.
ఆమె నవ్వలేదు. జాలీ పడలేదు.
పెదవులు ముందుకు వెట్టి,
నాకు వినపడేటంత లావు చేసి
ఆ సన్నకూతను అన్నది:
"చిస్-వీ."

"రెండేనా? నడుమ ఇంకో ముక్క ఉన్నదా?"
చెయ్యి ఎత్తింది, ఆగుమని.
వెదుర్ల గాలి పడిపోయేదాకా ఆగినం.
నాకు అడవంతా ఒక మూసిన తలుపు.
ఆమె మోకాలి మీద వేలు కొట్టి చూపింది,
రెండు. మళ్ల రెండు.
చాలాసేపటికి, మళ్ల రెండు.

"మీ దాంట్ల దీన్నేమంటరు?"
"ఏమనం. చలి పుట్టంగ వస్తది, ఇప్పపువ్వు రాలంగ పోతది.
తినేది గాదు, తేనె చూపేది గాదు."
ముల్లును వెలుతురుకు పట్టి చూసి పారేసింది.
"పేరు లేకుంటే యాదికుండదా?"

కాగితం మీద గడులున్నయి.
పిట్ట పేరు, సమయం, చూశారా, విన్నారా.
నేను చూసింది సగం, విన్నది సున్న.
'విన్నారా' దగ్గర టిక్కు పెట్టి
గీతలు లేని అంచుల ఆమె పేరు రాసిన,
ఇంటిపేరుతో సహా.
అచ్చంపేటల కంప్యూటరుకెక్కించే పిలగాడు
అంచును వదిలేస్తడని తెలుసు.
అయినా పెన్ను నొక్కి రాసిన,
కింది కాగితం మీద కూడ పడేటట్టు.

ఈదమ్మ తల ఎడమకు తిరిగింది.
పిట్ట చెట్టు మారిందన్నమాట.
దుర్భిణిని సంచిలో వేసి
ఆమె తల ఎటు తిరిగితే అటు నడిచిన.